లాభం, రెండు, మూడు

1995 సెప్టెంబర్ 18, సోమవారం

ఈ రోజు వకీలు బాపురావు ఆఫీసులో కాగితం మీద తిరుపతమ్మ అన్న నా పేరు పక్కన వేలిముద్ర వేశాను. నా భర్త సారయ్య చనిపోయినట్టు కోర్టు తేల్చాలని నేను వేసిన దావా అది. కాగితంలో ఉన్నది బాపురావు చదివి చెప్పాడు. 1988 ఆగస్టు పదకొండున ఇంట్లోంచి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఈ ఏడేళ్లలో నేను గానీ నా కొడుకు గానీ ఆయనను చూడలేదు, ఆయన సంగతి వినలేదు. నిజమే. అంతా నిజమే.

"ఏడేండ్లే ఎందుకు? ఆరు ఎందుకు కాదు, ఎనిమిది ఎందుకు కాదు?" అని అడిగాను.

"ఎక్కడో ఒక దగ్గర ఆపాలె గద అవ్వా" అన్నాడు బాపురావు. "సాక్ష్యం రోజు జడ్జి ముందర గిదే ముచ్చట నోటితోని చెప్పాలె. అన్ని మంచిగ యాద్‌కు తెచ్చుకో."

అందుకని పక్కింటి సరోజను బతిమాలాను. కాదు, బతిమాలడం నాకు చేతకాదు. చెప్పాను. తెలుగు బడిలో టీచర్, ఆమె దగ్గర రాయని డైరీ ఒకటి ఊరికే పడి ఉంది. నేను చెప్తాను, ఆమె రాస్తుంది. ఇది వకీలుకు కాదు, మా మల్లేష్‌కు కాదు. నేను మరిచిపోయిన రోజు నాకే చదివి వినిపించడానికి.

నేను గిట్ల అంటే సరోజ ఇలా అని రాస్తుంది. బడిలో చెయ్యి తిరిగిన మనిషి, రాయనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉండాలన్నాను.

"తిట్లు గూడనా అక్కా?"

"తిట్లు ముందు రాయి."

మల్లేష్ ఒక్కడే కొడుకు. ఆటో నడుపుతాడు. గనిలో నౌకరి చేస్తూ పోయినవాళ్ల ఇంట్లో ఒకరికి నౌకరి ఇస్తారు. ముప్పై ఐదు నిండేలోగా ఇవ్వాలి. మల్లేష్‌కు వచ్చే జనవరి పన్నెండుకు నిండుతాయి. ఇప్పుడు కాలం కూడా మారింది. అన్నీ ప్రైవేటు అవుతాయట, ఇట్లాంటి నౌకర్లు ఇక ఇవ్వరట. అందుకే వాడికి తొందర. వాడిది తప్పు కాదు.

బొటనవేలి సిరా సబ్బుకు పోలేదు. బూడిద పెట్టి రుద్దినా పోలేదు.

సెప్టెంబర్ 19

విసాపూర్ సంగతి ఇందులో రాయవద్దని సరోజకు చెప్పాను. "ఏం సంగతి అక్కా?" అంది. రాసేది ఉంటే చెప్తాను కదా అన్నాను.

సెప్టెంబర్ 24, ఆదివారం

యాద్‌కు తెచ్చుకొమ్మన్నాడు కదా బాపురావు. తారీఖులు రావడం లేదు, కల్లం వస్తున్నది.

రాజురా తాలూకాలో మా ఊరు. నన్ను చేసుకునే నాటికి సారయ్యకు రెండెకరాల నేల, ఒక గొంతు ఉన్నాయి. నేల అంతంత మాత్రం. గొంతు మాత్రం ఊరిదంతా. ఎవరి కల్లంలో జొన్నలు తూర్పారబట్టి రాశి పోసినా కొలవడానికి ఆయననే పిలిచేవాళ్లు. తూర్పు ముఖంగా ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చునేవాడు. కుంచం ముంచి, అరచేత్తో పైన తుడిచి, గోనెలో పోసేవాడు. మొదటి కుంచానికి "లాభం" అనేవాడు. పాడేవాడు అనాలి. లాభం, లాభం, లాభం అంటూ రెండో కుంచం నిండేవరకు ఆ మాటనే లాగేవాడు. తరువాత రెండు, రెండు, రెండు. మూడు. కొలిచినంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. రాశిని దాటకూడదు.

పెళ్లయిన ఏడు నేను పదహారేళ్ల పిల్లను, నోరు ఆగదు. "ఒకటి అనడానికి ఏమైతది నీకు?" అని అడిగాను. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒకటి అంటె కుప్పకు తన హద్దు ఎరుకైతదే. హద్దు ఎరుకైన కుప్ప తరుగుతది. లాభం అంటె దానికి ఏం సమజ్ కాదు. గట్లనే ఉంటది."

"కుప్పకు చెవులుంటయా?"

"నీకున్నయి గద. నీ అసుంటిదే అది గూడ."

రాశి మీది దుమ్ము నా కనురెప్పల మీద ఉండేది. వేళ్ల సందుల్లో జొన్న పొట్టు దురద. సాయంత్రం వేన్నీళ్లు పోస్తే ఆ నీళ్లు కూడా జొన్న వాసన వచ్చేవి. ఇక్కడ చంద్రపూర్‌లో ఏ నీళ్లు పోసినా బొగ్గు వాసనే. ఇప్పటికీ ఎవరైనా గోనె మూతి విప్పితే నా చెవి ముందు లేస్తుంది, ముక్కు తరువాత.

ఆయన వెళ్లిన నాటి నుంచి ఇంట్లో జొన్నలు నేనే కొలుస్తున్నాను. మొదటి కుంచం ఏమీ అనకుండా పోస్తాను. రెండు నుంచి లెక్క పెడతాను. ఆ మాట ఆయనది. వచ్చి ఆయనే అనుకుంటాడు.

ఇది కొట్టేయి సరోజా. వచ్చి అన్నానా? వద్దు, ఉండనీ.

సెప్టెంబర్ 30

రెండేళ్లు వరుసగా వాన తప్పితే ఎడ్లబండిలో సామాను వేసుకుని చంద్రపూర్ వచ్చాం. కుంచం నా ఒడిలో, కుంచంలో ఉప్పు. సారయ్య గనిలో బొగ్గు ఎత్తేవాడు. టబ్బులు నింపి పైకి పంపితే పైన రామకిషన్ మున్షీ పలక మీద గీతలు గీసేవాడు. ఎవరి టబ్బులు వాళ్లు పిలిచి చెప్పాలి. ఈయన ఏమని పిలుస్తాడు? లాభం!

మున్షీ ఉత్తరాది మనిషి. దేవుని పేరు తలుచుకుంటున్నాడు కాబోలు అనుకుని దండం పెట్టేవాడట. రెండు అన్నాక ఒక గీత, మూడు అన్నాక ఇంకో గీత. రోజుకు ఒక టబ్బు మాయం. నెల గడిచాక తెలిసింది. "పోనీయే, గీతలే గద" అన్నాడు ఈయన. నేను పోనిస్తానా? మల్లేష్‌ను చంక వేసుకుని గని ముఖం దగ్గరికి పోయాను.

"లాభం అంటె ఒకటే! నువ్వు గీత గీయకపోతె ఆ బొగ్గు మళ్ల బావిలకు దిగిపోతదా? నింపిండు, పంపిండు, నీ కండ్ల ముందలకెళ్లి పోయింది. లెక్కల లేదంటె లేనట్టేనా?"

మున్షీకి తెలుగు ముక్క రాదు. అయినా అర్థమైంది. ముప్పై గీతలు నా ఎదుటనే గీశాడు. ఆ సాయంత్రం సారయ్య నవ్వీ నవ్వీ అన్నం తినలేకపోయాడు. "నువ్వు గనికే మేనేజర్ కావలసినదానివి, తప్పిపోయి నా ఇంట్లకచ్చినవ్" అన్నాడు.

అక్టోబర్ 3, దసరా

జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెట్టారు అందరూ. తీర్పు వచ్చిన రోజు మెట్టెలు తియ్యాలా, తీర్పు కాగితం చేతికి వచ్చిన రోజా అని బాపురావును అడగమన్నాను మల్లేష్‌ను. వాడు ముఖం తిప్పుకున్నాడు. నేను తమాషాకు అన్నాను.

అక్టోబర్ 9

సారయ్య జట్టులో అంజన్న ఉండేవాడు. ఇద్దరూ ఒక్క చుట్టను చెరిసగం కాల్చేవాళ్లు. 1988 వానాకాలం మొదట్లో పైకప్పు కూలి అంజన్న లోపలే పోయాడు.

ఆ రోజు పైకి వచ్చినవాళ్లను ఎంచింది సారయ్యనే, జట్టు పెద్ద కాబట్టి. మధ్యలో సైరన్ మోగితే లెక్క తప్పి, మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టాడట. అందరూ వచ్చారన్నాడట. అంజన్న లేకుండా లెక్క ఎట్లా సరిపోయిందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

తరువాత ఇంట్లో జొన్నలు కొలవమంటే కుంచం నా చేతిలో పెట్టి బయటికి పోయేవాడు. రెండు నెలలు అట్లాగే. ఆగస్టు పదకొండు, గురువారం. "ఊరికి పోయి పత్తి చేను చూసస్త" అన్నాడు. గొడుగు తీసుకున్నాడు. ఊరికి చేరలేదు.

నేను అడగలేదు. ఇది రాశావు కదా, ఇంకోసారి వద్దు.

అక్టోబర్ 24, మంగళవారం

దీపావళి తెల్లారే సూర్యగ్రహణం. పొద్దున ఎవరూ పొయ్యి వెలిగించలేదు. పచ్చడి జాడీల మీద గరిక పెట్టాను. సరోజ కూతురు ప్రజ్ఞ నాగపూర్‌లో ఎమ్మెస్సీ చదువుతుంది, పండుగకు వచ్చింది. ఎనిమిది దాటాక పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, బయటికి రాకున్నా మంచిదే. సూర్యుడే మీ ఇంట్లకచ్చిండు, చూడు!"

మా ఇంటి రేకులకు మేకుల కంతలు చాలా ఉన్నాయి. వానాకాలం వాటి కింద గిన్నెలు పెట్టడమే నా పని. ఈ రోజు ఒక్కో కంత నుంచి ఒక్కో చిన్న సూర్యుడు గచ్చు మీద పడ్డాడు. గుండ్రంగా కాదు, కొడవలిలాగా, అన్నీ ఒకే దిక్కుకు వంగి. పెట్టె మీద, మంచం మీద, నా కాళ్ల మీద కూడా. ఎంచాను. నలభై ఒకటి.

"వీట్లల్ల అసలుది ఏది?" అన్నాను.

"అన్ని ఆయనవే. ఒక్కటి గూడ ఆయన కాదు" అంది.

మాటలో మాట వచ్చింది. ఆకాశానికి అంచు లేకపోవచ్చట. పోయినకొద్దీ ఉంటూనే ఉంటుందట. అట్లాగైతే ఎంత దూరాన్నో ఇంకో చంద్రపూర్, ఇదే రేకుల ఇల్లు, ఇంకో తిరుపతమ్మ కూడా ఉండి తీరాలట. మట్టి, నీరు, గాలి కలిసే తీరులకు లెక్క ఉన్నది, చోటుకు లెక్క లేదు. కాబట్టి అన్ని తీరులూ మళ్లీ మళ్లీ వస్తాయట. ఒక్క తిరుపతమ్మ కాదు, ఎన్నో.

"వాళ్లల్ల మొగడు ఇంటికొచ్చిన తిరుపతమ్మ ఉన్నదా?"

ప్రజ్ఞ నవ్వు ఆపింది. "ఉంటది పెద్దమ్మా. గట్లాంటోళ్లు లెక్కలేనంత మంది."

"రానోళ్లు?"

"వాళ్లు గూడ లెక్కలేనంత మంది."

"ఏ జట్టు పెద్దది?"

"అదే ఎవరు చెప్పలేకపోతున్నరు" అంది. చెప్పలేకపోవడం ఏమిటి? గ్రహణం విడిచాక అందరం స్నానాలు చేశాం. నాకు అన్నం సహించలేదు.

అక్టోబర్ 25

పొద్దున్నే ప్రజ్ఞను పిలిచి చాట ముందర కూర్చోబెట్టాను. ఒక పక్క జొన్నలు, ఒక పక్క కందులు.

"ఈ రెండు కుప్పలు ఎంత తీసినా ఒడువయి అనుకో. జొన్నలు మొగడు వచ్చిన తిరుపతమ్మలు, కందులు రానోళ్లు. ఎవలు ఎక్కువో చెప్పాలె గద?" ఒక జొన్న, ఒక కంది, ఒక జొన్న, ఒక కంది తీసి వరుస పేర్చాను. "సగం సగం. గంతేనా?"

"గంతే."

చెరిపాను. ఈసారి రెండు జొన్నలకు ఒక కంది పెట్టుకుంటూ పోయాను. "ఇప్పుడు జొన్నలు ఇంతకు రెండింతలు. కుప్పలు అవే. కుప్పలు ఒడువలే. మరి ఏది నిజం?"

"పెద్దమ్మా, మా సార్లు గూడ దీని మీదనే కొట్లాడుకుంటరు. కుప్ప ఒడిసేటిదైతె ఎట్ల తీసినా లెక్క ఒక్కటే వస్తది. ఒడువనిదైతె తీసే వరుసను బట్టి, ఎక్కడ ఆపినమో దాన్ని బట్టి మారుతది. ఫలానా తీరుగనే తీయాలె అని చెప్పే రూల్ ఇంక దొరకలే."

"అంటె కొలిచేటోని చెయ్యి."

"కొలిచేటోని చెయ్యి" అంది అది కూడా.

బాపురావు ఏడేళ్లు అన్నది ఇదే. ఎక్కడో ఒక దగ్గర ఆపాలె గద. ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు. ఈ పక్క ఉంటే బతికినట్టు, ఆ పక్క ఉంటే చచ్చినట్టు.

పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది ఆ పిల్ల. మొగడు వచ్చినామె, రానామె, ఇద్దరు తిరుపతమ్మలకూ ఇప్పటివరకు కనబడినవీ వినబడినవీ ఒకటే అయితే, నేను ఏ తిరుపతమ్మనో లోపల ఉండి నేను చెప్పలేనట.

అక్టోబర్ 26

విసాపూర్ సంగతి రాయి సరోజా.

1989 మార్చి. హోలీ అయిన నాలుగో రోజు. కోఠారిలో మా మేనకోడలు కొడుకును కంటే చూసి బస్సులో తిరిగి వస్తున్నాను. కిటికీ పక్క సీటు. విసాపూర్‌లో బస్సు ఆగి కదిలింది. రోడ్డుకు అవతల చాయ్ దుకాణం, బెంచీ మీద సారయ్య.

నీలం గీతల అంగి. నేను కుట్టించింది కాదు, నేను ఉతికింది కాదు. పైనుంచి మూడో గుండీ లేదు, పిన్నీసు పెట్టుకున్నాడు. కుడి చెవి వెనుక గులాబీ రంగు ఇంకా పోలేదు. చాయ్ గిలాసను తువ్వాల కొంగుతో పట్టుకున్నాడు. ఆయన అట్లాగే పట్టుకునేవాడు, బొగ్గు ఎత్తి ఎత్తి చర్మం లేచిపోయిన వేళ్లు, వేడి తాళవు. తల ఎత్తాడు. నన్ను చూశాడు. లేదు, బస్సును చూశాడు.

అరిచాను. కండక్టర్ "పుఢే ఉతరా బాఈ, ముందర దిగు" అన్నాడు. దిగేసరికి రెండు ఫర్లాంగులు దాటింది. ఒక చెప్పు బస్సులోనే ఉండిపోయింది. వెనక్కి ఉరికాను. బెంచీ ఖాళీ. గిలాసలో చాయ్ సగం ఉంది. ముట్టుకుంటే వెచ్చగానే ఉంది. లారీ ఎక్కి వెళ్లాడని దుకాణం మనిషి చెప్పాడు. ఎక్కడివాడో తెలియదన్నాడు.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆయన అయితే, నన్ను చూసి లారీ ఎక్కాడు. ఆయన కాకపోతే, నాకు మతి చెడింది. రెండూ కొడుకుకు చెప్పుకునేవి కావు.

ఒక్కసారే. మళ్లీ చూడలేదు. రెండేళ్లు ఏదో ఒక పని పెట్టుకుని ఆ దారిన పోయాను. చూడలేదు.

సరోజ రాయడం ఆపి కొంగుతో ముక్కు తుడుచుకుంటున్నది. రాయవమ్మా, నేనే ఏడవడం లేదు.

నవంబర్ 5

మల్లేష్‌కు చెప్పాను. కోడలిని పక్కింటికి పంపి మరీ చెప్పాను. వాడు ఆటో తుడిచే గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"ఆరేండ్లు దాచినవా అవ్వా?"

"దాచిన."

"ఇప్పుడెందుకు చెప్తున్నవ్? సాక్ష్యం ఇరవై తారీకు ఉన్నది. ఎనబై తొమ్మిదిల చూసిన అన్నవనుకో, ఏడేండ్లు గాడికెళ్లి మళ్ల షురూ అయితయట, బాపురావు వకీలు ముందే చెప్పిండు. వచ్చే మార్చి దాక ఆగాలె. జనవరిల నా ఉమర్ ఒడుస్తది. అంతే, కథ ఖతం."

"తెలుసు."

"ఒక్కసారే గదనే! అదిగూడ బస్సుల కెళ్లి! గా ఒక్కసారి లెక్కల తియ్యకపోతె ఎవలి సొమ్ము పోతది?" గుడ్డ నేలకేసి కొట్టాడు. "నేను అందరి పిల్లలను బడికి దింపుత, నా పిల్లల బడికి పైసలు ఉండయి. నీకు బాపు యాది కావాలె, నాకు నౌకరి కావాలె. నువ్వే కొలువు, ఏది బరువో."

వాడిది తప్పు కాదు. ఇంతకు ముందు కూడా చెప్పాను, తప్పు కాదు.

నవంబర్ 6

మంచి దారి దొరికింది. మొదటి కుంచాన్ని మనం ఒకటి అనము కదా. లాభం అంటాము. నేను చూసింది మొదటిసారి, రెండోది లేదు. అంటే అది లెక్కలోనిది కాదు, లెక్కకు ముందుది. జడ్జి అడిగితే ఒక్కసారి కూడా చూడలేదంటాను. అబద్ధం కాదు. మా పద్ధతిలో అది అబద్ధమే కాదు.

వడియాలు పెట్టాను. మల్లేష్‌తో "ఫికర్ చేయకు" అన్నాను. వాడు నాలుగు రొట్టెలు తిన్నాడు.

నవంబర్ 7

మంచి దారి. చాలా మంచిగా ఉంది.

నవంబర్ 8

పాత పేజీలు చదవమన్నాను. సెప్టెంబర్ ముప్పై దగ్గర సరోజ ఆగింది. "చదువు" అన్నాను. చదివింది. ఇంకోసారి చదవమన్నాను.

నేను రామకిషన్ మున్షీని అయిపోయాను.

నవంబర్ 20, సోమవారం

కోర్టులో నాకు కుర్చీ వేశారు. కూర్చోలేదు. జడ్జి వయసు మా మల్లేష్ కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది. "ఆజీ" అని నాయనమ్మను పిలిచినట్టు పిలిచాడు. మరాఠీలో అడిగాడు, నాకు వచ్చిన మరాఠీలో చెప్పాను. సరోజ తరువాత నన్ను మన మాటలో మళ్లీ చెప్పమని రాసుకున్నది ఇది.

"ఈ ఏడేళ్లలో మీ భర్తను చూశారా?"

బాపురావు నా వైపు చూసి తల ఊపుతున్నాడు, లేదనమని.

"చూసిన."

"ఎన్నిసార్లు?"

"లాభం" అన్నాను. ఎట్లా వచ్చిందో నోట్లోంచి అదే వచ్చింది. టైపు కొట్టే పిల్లవాడు ఆగి జడ్జి ముఖం చూశాడు.

"అంటే?"

"అంటె ఒకటి. రాసుకోండ్రి. మొదటిదని విడిచిపెట్టకుండ్రి."

విసాపూర్ చెప్పాను. అంగి, పిన్నీసు, గిలాస, లారీ. జడ్జి మధ్యలో ఆపలేదు.

"అది ఆయనేనని ఒట్టు పెట్టి చెప్పగలరా?"

"నా కండ్లు చూసిందానికి ఒట్టు పెడుత సాబ్. మనిషి ఎవలో దానికి పెట్ట. గా మనిషి మొగడైన తిరుపతమ్మ ఒకతి ఉంటది, మొగని పోలిక ఉన్న పరాయోన్ని చూసిన తిరుపతమ్మ ఒకతి ఉంటది. ఇద్దరు చూసింది గదే ముఖం, గదే అంగి. ఇద్దరు ఉరికిన్రు. ఇద్దరికి దొరికింది సగం చాయ్. నేను వాళ్లల్ల ఎవలినో నాకెట్ల ఎరుక? చూసిన అని రాయండ్రి. ఎవలిని అన్న జాగ ఖాళీగ ఉంచండ్రి."

వెనుక ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడిచాడు.

"ఖాళీ ఉంచడానికి చట్టంలో చోటు లేదు ఆజీ. భార్య చూశానంటే నేను చూసినట్టే అనుకోవాలి." వేళ్ల మీద ఎంచాడు. "మార్చి దాటాక మళ్లీ దావా వేయండి."

బయట మెట్ల మీద బాపురావు తల పట్టుకున్నాడు. "వయసు సడలించమని అర్జీ పెడుదం. ఇస్తరని మాత్రం నేను చెప్ప" అన్నాడు మల్లేష్‌తో. వాడు ఆటో నడుపుతున్నంతసేపు ముందు అద్దంలో కూడా నన్ను చూడలేదు.

నవంబర్ 21

మల్లేష్ మాట్లాడలేదు.

నవంబర్ 22

మాట్లాడలేదు.

నవంబర్ 26

కోడలు మాట్లాడింది. "మీరు మంచి పని చేసిన్రో చెడ్డ పని చేసిన్రో నాకు తెల్వదు అత్తా. ఆయన తింటలేడు" అంది. నేనూ తినడం లేదని చెప్పలేదు.

కొడుకు అన్నం తీసి నేను ఏం నిలబెట్టాను? ఒక పిన్నీసు, సగం చాయ్. ఇంకో చంద్రపూర్‌లో ఇంకో తిరుపతమ్మ చూడలేదని చెప్పి ఉంటుంది. ఆమె కొడుకు జనవరిలో నౌకరి ఎక్కుతాడు. ఆమెను కూడా తప్పు పట్టను.

డిసెంబర్ 3, ఆదివారం

పెరట్లో బొగ్గులు ఏరుతున్నాను. మల్లేష్ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు తనూ ఏరాడు.

"అంగి ఏం రంగన్నవ్?"

"నీలం. గీతలున్నయి."

"సన్నగయిండా?"

"కొంచెం. గడ్డం గీసుకున్నడు. మంచిగనే గీసుకున్నడు."

"చాయ్ తువ్వాలతోనే పట్టుకున్నడా?"

"తువ్వాలతోనే."

వాడు చేతిలో బొగ్గును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "నా కండ్లు మూసుకుంటె బాపు ముఖం వస్తలేదే అవ్వా. చెయ్యి వస్తది. కుంచం మీద తుడిచే చెయ్యి. ముఖం నీకు వస్తదా?"

"వస్తది."

"ఇంకోసారి చెప్పు. బస్సు ఆగింది, తరువాత?"

మొదటి నుంచి చెప్పాను. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చెప్పాను.

డిసెంబర్ 10, ఆదివారం

కొత్త జొన్నలు వచ్చాయి, మా ఊరి నుంచి. మల్లేష్ గోనె ఆటోలో వేసుకుని తెచ్చి ముందు గదిలో దించాడు. నేను వంటింట్లో పొయ్యి ముందు ఉన్నాను. వెనుక గోనె మూతి విప్పిన చప్పుడు. చేతులు కడుక్కుని లేచి, కొలుద్దామని కుంచం కోసం గూట్లో చూస్తే అక్కడ లేదు.

అప్పుడు ముందు గదిలోంచి గొంతు వచ్చింది.

"లాభం, లాభం, లాభం."

అదే లాగుడు. చివర అదే కొంచెం జీర. మధ్యలో గోడ ఉంది, తలుపు దగ్గరికి వేసి ఉంది. పోయి చూడవచ్చు. నాలుగు అడుగులు.

పోలేదు. గూటి మీద చెయ్యి అట్లాగే పెట్టుకుని నిలబడ్డాను. లోపల ఉండి చూస్తే వచ్చినా రాకున్నా రెండూ ఒకటే అంది కదా ప్రజ్ఞ.

"రెండు" అన్నాడు మల్లేష్. అప్పుడు పోయి గోనె పట్టాను.